సీజ్ చేసిన కారు: క్లెయిమ్ వేరు, విడుదల అర్జీ వేరు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. స్నేహితుడు అడిగి తీసుకెళ్లిన మా కారులో మత్తుమందులు దొరికాయని డీఈఏ (అమెరికా ఫెడరల్ మాదకద్రవ్య నిరోధక శాఖ) వాళ్లు సీజ్ చేశారు. నా మీద కేసు లేదు. జప్తు నోటీసు మాత్రం వచ్చింది. కారు లేకపోతే ఉద్యోగానికి వెళ్లలేను. కేసు తేలేలోపు విడిపించుకోవచ్చా?

జవాబు: ప్రయత్నించవచ్చు. ముందు క్లెయిమ్ (ఆ ఆస్తి నాది, జప్తుకు ఒప్పుకోనని చెప్పే పత్రం) వేయాలి, అది లేకుండా విడుదల అడిగే హక్కు రాదు. ఆఖరి తేదీ నోటీసులోనే ఉంటుంది. ఉత్తరం పంపిన నాటి నుంచి కనీసం 35 రోజుల గడువు ఇస్తారు. ఆ తేదీకల్లా క్లెయిమ్ వాళ్లకు చేరాలి, ఆ రోజు పోస్టులో వేస్తే కుదరదు. ఏ కారు, దాని మీద మీ హక్కేమిటి అన్నది రాసి, అబద్ధమైతే శిక్షకు సిద్ధమంటూ ప్రమాణపూర్వకంగా మీరే సంతకం పెట్టాలి. లాయరు సంతకం చెల్లదు. బాండు అక్కర్లేదు. ప్రమాణం చేసి రాసింది రేపు మీ మీదికే రావచ్చు కాబట్టి, వీసా మీద ఉన్నవాళ్లు లాయరుకు చూపించకుండా పంపకండి.

చాలామంది బోల్తా పడేది రెమిషన్ పిటిషన్ (జప్తు విషయంలో దయ చూపమని ఆ శాఖనే వేడుకునే అర్జీ) దగ్గర. క్లెయిమ్ మానేసి అదొక్కటే పంపితే విషయం కోర్టుకు వెళ్లదు, దయ తలచడమా మానడమా అన్నది ఆ శాఖ ఇష్టం. క్లెయిమ్ వేస్తే మామూలుగా 90 రోజుల్లో ప్రభుత్వం కోర్టుకెక్కాలి, లేదా కారు ఇచ్చేయాలి. ఈ గడువును కోర్టు పొడిగించవచ్చు.

ఇక విడుదల అర్జీ. దీన్ని అదే శాఖకు విడిగా రాయాలి. ‘ఇబ్బందిగా ఉంది’ అంటే సరిపోదు. షిఫ్టు వేళలతో కంపెనీ ఇచ్చిన ఉత్తరం, ఆ వేళకు బస్సు లేదని చూపే టైంటేబుల్, ఊళ్లో స్థిరంగా ఉన్నారనడానికి ఇంటి లీజు, కారు భద్రంగా ఉంటుందనడానికి ఇన్సూరెన్సు జతచేయండి. 15 రోజుల్లో ఇవ్వకపోతే ఫెడరల్ జిల్లా కోర్టులో పిటిషన్ వేయవచ్చు. కారు సాక్ష్యంగా అవసరమైనా, అందులో సరుకు దాచే రహస్య అర ఉన్నా ఈ దారి మూసుకుపోతుంది. అప్పు మీద కొన్న కారైతే వాయిదాలు ఆపకండి.

ప్రశ్న: మా దుకాణం నగదు పట్టుకెళ్లారు. ఇదే పద్ధతా?

జవాబు: క్లెయిమ్ వరకు ఇదే. కేసు తేలేలోపు విడుదల మాత్రం నగదుకు సాధారణంగా వర్తించదు. చట్టబద్ధమైన వ్యాపారపు ఆస్తి అయి, దాన్ని పట్టుకోవడంతో వ్యాపారం ఆగిపోతోందని చూపగలిగితే మినహాయింపు ఉంది. రోజువారీ గల్లా లెక్కలు, బ్యాంకు డిపాజిట్ స్లిప్పులు, సేల్స్ ట్యాక్స్ రిటర్నులు ఒకదానితో ఒకటి సరిపోలాలి.