టెక్ సందేహాలు: నీలి గీత ఒకచోట, దిద్దింది ఇంకోచోట

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసులో పనిచేస్తున్నాను. మొన్న ఓ విదేశీ పార్టీకి మెయిల్ పెట్టడానికి వర్డ్‌లో “ఇట్ వాజ్ ద స్లాబ్స్ దట్ వాజ్ డ్యామేజ్డ్” అని రాస్తే రెండో ‘వాజ్’ కింద నీలి గీత పడింది. స్లాబులు చాలా ఉన్నాయి కదా అని మొదటి ‘వాజ్’ తీసి ‘వర్’ పెట్టాను. ఉన్న గీత పోలేదు, ఇంకోటి వచ్చి చేరింది. ఈ చెకింగ్ ఆపేయడం ఎలా సార్?

జవాబు: ఆపే దారి చెబుతాను గానీ, ఈసారి కంప్యూటర్‌ను తిట్టడానికి లేదు. మీరు ‘వర్’ పెట్టడం సరే, పెట్టిన చోటే తప్పు.

“ద స్లాబ్స్ వర్ డ్యామేజ్డ్” అనే మామూలు వాక్యాన్ని, స్లాబుల మీద నొక్కు పడాలని రెండు ముక్కలు చేస్తే మీ వాక్యం వస్తుంది. వీటికి క్లెఫ్ట్, అంటే చీలిన వాక్యాలు అని పేరుపెట్టింది డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్. మొదటి ముక్కకు కర్త ‘ఇట్’. దాని వెనక ఒక్క స్లాబు వచ్చినా, కంటైనర్ నిండా స్లాబులొచ్చినా అక్కడ ‘ఈజ్’ గానీ ‘వాజ్’ గానీ ఉండాల్సిందే. రెండో ముక్కలోని క్రియ మాత్రం నొక్కి చెప్పిన మాటను బట్టి మారుతుంది. కాబట్టి “ఇట్ వాజ్ ద స్లాబ్స్ దట్ వర్ డ్యామేజ్డ్”.

ఇక్కడ మనవాళ్లు తడబడటానికి మన తెలుగే కారణమని నా అనుమానం. నేను రాశాను, నువ్వు రాశావు, వాళ్లు రాశారు. అదే నొక్కి చెబితే? రాసింది నేనే, రాసింది నువ్వే, రాసింది వాళ్లే. ముగ్గురికీ ఒకటే ‘రాసింది’. “పాడైనవి స్లాబులే” అని కూడా అనొచ్చనుకోండి, కానీ లోడింగ్ దగ్గర అరుచుకునేటప్పుడు నోటికొచ్చేది “పాడైంది స్లాబులే” అనే. ఒకరా పదిమందా అని మనం అక్కడ లెక్క చూసుకోం. ఇంగ్లిష్ చూసుకుంటుంది.

అనుమానం వస్తే ‘ఇట్ వాజ్’నూ ‘దట్’నూ కొట్టేసి, మిగిలింది చదవండి. “ద స్లాబ్స్ వర్ డ్యామేజ్డ్”. అక్కడ ఏ క్రియ కుదిరితే అదే.

ఇక ఆపడం సంగతి. ఒక్క గీతే అడ్డమైతే దాని మీద రైట్ క్లిక్ చేసి ఇగ్నోర్ నొక్కండి. మొత్తంగా వద్దంటే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి, రైటింగ్ స్టైల్ పక్కనున్న సెట్టింగ్స్ తెరిచి, సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్ దగ్గర టిక్ తీసేయండి. మీరైతే తీయకండి.

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెంలో ఉంటాను, బీఈడీ చదువుతున్నాను. “ఇట్ ఈజ్ ఐ హూ యామ్ రెస్పాన్సిబుల్” సరైనదని మా సార్ చెప్పారు. ఫోన్‌లోని గ్రామర్ యాప్ మాత్రం ‘యామ్’ తీసి ‘ఈజ్’ పెట్టమంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: పరీక్షలో సార్ మాటే వినమ్మా. ‘హూ’ వెనక క్రియ ‘ఐ’తో పొసగాలి, కాబట్టి ‘యామ్’. ఎదుటివాడు ఒక్కడే అయినా “ఇట్ ఈజ్ యు హూ ఆర్” అనాల్సిందే.

యాప్ సలహా ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇంగ్లిష్ వాళ్లు మాటల్లో “ఇట్స్ మి హూ ఈజ్” అనేస్తారు. ‘మి’ పక్కన ‘యామ్’ నిలవదు, అందుకని ‘ఈజ్’. అది మాటల్లో చెల్లుతుంది. ‘ఐ’ని ఉంచి ‘ఈజ్’ తగిలిస్తే మాత్రం అటూ ఇటూ కాకుండా పోతుంది. ఇప్పటి చెకర్లు చాలావరకు గుట్టలకొద్దీ వాక్యాలు చూసి నేర్చుకున్నవి. వాటికి ‘హూ ఈజ్’ అడుగడుగునా కనబడుతుంది, ‘హూ యామ్’ ఎప్పుడో గానీ తగలదు. పైగా ‘హూ’, ‘దట్’లకు సొంతంగా ఏకవచనం, బహువచనం లేవు. వెనక్కి చూసి అరువు తెచ్చుకోవాలి. వెనక రెండు నామవాచకాలుంటే ఇంకా చిక్కు. “ఇట్ ఈజ్ ద క్వాలిటీ ఆఫ్ ద ప్రాన్స్ దట్ మ్యాటర్స్” అన్నప్పుడు లెక్కలోకొచ్చేది నాణ్యత, కానీ ‘దట్’కు ఆనుకుని ఉన్నవి రొయ్యలు. రొయ్యల్ని చూసి ‘మ్యాటర్’ అని రాసేయడం మనుషులకూ మామూలే. నేనూ రాశాను, అచ్చయ్యాక చూసుకున్నాను.

ఉద్యోగానికి మెయిల్ పెట్టేటప్పుడు ఈ టెన్షన్ ఎందుకనుకుంటే “ఐ యామ్ ద వన్ హూ ఈజ్ రెస్పాన్సిబుల్” అని రాయి. ఇక్కడ ‘హూ’ ముందున్నది ‘ద వన్’ కాబట్టి ‘ఈజ్’ సరిపోతుంది.

ప్రశ్న: కావలి నుంచి. వర్డ్‌లో తెలుగులో ఏం టైప్ చేసినా ప్రతి మాట కిందా ఎర్ర గీతే. నా తెలుగు అంత ఘోరంగా ఉందా?

జవాబు: లేదు, మీ తెలుగును అది ఇంగ్లిష్ అనుకుంటూ ఉండొచ్చు. టెక్స్ట్ మొత్తం సెలెక్ట్ చేసి, రివ్యూ, లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు ఎంచుకోండి. అప్పటికీ సంధి చేసి రాసిన మాటల దగ్గర గోల పెడుతుంటే, అదే పెట్టెలో స్పెల్లింగ్ చెక్ చేయొద్దనే టిక్ ఉంటుంది, అది పెట్టేయండి.