తెగిన ఆకుకు రెండో ప్రతి

కడప

చిరంజీవి పాపకు,

తెగిన డీఎన్‌ఏను కణం ఎట్లా దిద్దుకుంటుందో చెప్పే నీ వ్యాసం శనివారం అందింది. ఒకసారి ఊరికే చదివితిని, ఇంకోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. ఎర్ర గీతలు చూసి బెదిరిపోవద్దు. ముప్పై ఏండ్లు జువాలజీ పేపర్లు దిద్దిన చెయ్యి ఇది, ఊరుకోమంటే ఊరుకోదు.

ముందు తగువు. తొమ్మిది పేజీల్లో "కీలక పాత్ర పోషిస్తుంది" అని పద్నాలుగు చోట్ల రాస్తివి. ప్రోటీన్లలో స్పో11ది కీలక పాత్ర, రాడ్51ది కీలక పాత్ర, డీఎంసీ1దీ అంతే. అందరూ హీరోలే అయితే సినిమాలో ఏం జరిగిందో చూసినోడికి ఎట్లా తెలుస్తుంది? ఆ మాట తీసేసి క్రియ పెట్టు. ఒక ప్రోటీను కోస్తుంది, ఒకటి కొరుకుతుంది, ఒకటి కప్పుతుంది, ఒకటి వెతుకుతుంది. "మాంసకృత్తులు" కూడా కొట్టేసినాను. మెడికల్ షాపుకు పోయి మాంసకృత్తుల పొడి ఇమ్మని అడిగి చూడు, ఏమంటాడో.

నీ అసలు కథ నాలుగో పేజీలో దాక్కుంది. మామూలు కణానికి డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగడం పెద్ద గండం. అట్లాంటిది, అండాలూ వీర్యకణాలూ తయారయ్యే క్షయకరణ విభజన మొదట్లో, కణం తన డీఎన్‌ఏను తానే తెంపుకుంటుంది. ఒకచోటా రెండుచోట్లా కాదు, ఎలుకలో అయితే ఒక్కో కణంలో 200 నుంచి 300 చోట్ల. ఇంత విడ్డూరం చేతిలో పెట్టుకుని, "కణం జీవానికి మూలాధారం" అని మొదలుపెడితివి. ఆ వాక్యం మా తాత కాలంలోనే అరిగిపోయింది.

కోసేది స్పో11 అని ఎట్లా తెలిసిందో కూడా చెప్పకుండా దాటేస్తివి. అది చెప్పాల. ఈ కత్తి కోసి పక్కకు జరగదు. తెగిన కొసలకు తానే అతుక్కుని ఉండిపోతుంది. ఎమ్మారీ11, రాడ్50 ఉన్న ప్రోటీన్ల ముఠా వచ్చి, చిన్న డీఎన్‌ఏ ముక్కతో సహా దాన్ని తీసేస్తేనే తర్వాతి పని సాగుతుంది. పిండిని పులియబెట్టే ఈస్టులో, ఇట్లా తీసెయ్యడం చేతగాని రకం ఒకటి ఉంది. అందులో కత్తి కొసలకే అంటుకుని ఉంటుంది. 1997లో స్కాట్ కీనీ, క్రెయిగ్ జిరూ, నాన్సీ క్లెక్నర్ ఆ ఈస్టునే తీసుకుని, కొసలకు అంటుకున్నదేమిటో పట్టుకున్నారు. దొంగ కన్నంలోనే ఇరుక్కున్నాడన్నమాట. నీ వ్యాసంలో 1909 మొదలుకుని పన్నెండు సంవత్సరాల అంకెలు వరుసగా ఉన్నాయి, ఒక్కటీ గుర్తుండలేదు. ఈ ఒక్కటీ ఇట్లా చెబితే గుర్తుంటుంది.

ఇంక నీ పోలిక. "దర్జీ చిరిగిన చొక్కా కుట్టినట్టు" అంటివి. చాలదు. దర్జీకి ఇంకో చొక్కా అక్కర్లేదు. ఇక్కడ ఇంకో ప్రతి లేకుంటే పని జరగదు.

ఈసారి కడపకు వచ్చినప్పుడు బ్రౌన్ గ్రంథాలయం చూపిస్తా. 1820లో ఈ ఊరికి వచ్చిన బ్రౌను దొర బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు పోల్చి శుద్ధ ప్రతులు రాయించిన చోటది. ఒక ప్రతిలో ఆకు విరిగి నాలుగు అక్షరాలు పోయినాయనుకో. పండితుడు ఏం చేస్తాడు? విరిగిన చోటుకు అటూ ఇటూ ఉన్న మాటలు పట్టుకుని, ఇంకో ప్రతిలో ఆ చోటు వెతుకుతాడు. కణమూ అంతే. తెగిన చోట ఒక పోగును కొరికేస్తే, రెండోది వందల అక్షరాల పొడవున ఒంటరిగా వేలాడుతుంది. ఆర్పీఏ అనే ప్రోటీను దాన్ని కప్పుతుంది. తర్వాత బీఆర్‌సీఏ2 సాయంతో రాడ్51, డీఎంసీ1 ఆ పోగు మీద వరుసగా కూర్చుని, తనకు సరిపోయే అక్షరాల కోసం వెతికిస్తాయి. అవును, రొమ్ము క్యాన్సర్ వార్తల్లో వినబడే బీఆర్‌సీఏ2నే. అది చెబితే పాఠకుడు లేచి కూర్చుంటాడు.

ఏ ప్రతిలో వెతుకుతుందనేదే అసలు సంగతి. పక్కనే అచ్చు నకలు ఉంది, సోదరి క్రొమాటిడ్. అది ఒకే లేఖకుడు రాసిన రెండో కాపీ లాంటిది, తప్పులు కూడా అవే. మామూలు కణాలు ఇట్లా ప్రతి చూసి దిద్దుకునేటప్పుడు చాలావరకు దాన్నే చూస్తాయి. క్షయకరణ విభజనలో మాత్రం మొగ్గు అవతలి ప్రతి వైపు. నాన్న నుంచి వచ్చిన క్రోమోజోము తెగితే, అమ్మ నుంచి వచ్చిన దాని జతలో వెతుకుతుంది. ఆ ప్రతిలో అక్కడక్కడ పాఠాంతరాలుంటాయి. పూడ్చినప్పుడు అవీ వచ్చి చేరతాయి. పాఠాంతరం అనే మాట మనకుంటే అరువు మాట ఎందుకు?

అయితే ఈ పోలిక ఒకచోట తెగుతుంది, అది దాచొద్దు. ఏ పండితుడూ పక్క ప్రతి చూడాలని తన ఆకు తానే విరవడు. కణం ఎందుకు విరుస్తుంది? వైవిధ్యం కోసమని రాస్తివి. అది ఫలితం. నేనూ ఒకప్పుడు "ప్రకృతి వైవిధ్యం కావాలని నిర్ణయించుకుంది" అని రాస్తే ఒక పోస్టుకార్డు వచ్చింది: "అయ్యా, ఆ మీటింగు ఎప్పుడు జరిగింది?" కార్డు ఇంకా దాచుకున్నా.

కణంలో అప్పటికప్పుడు జరిగే పని వేరే. ఇద్దరు తడి దుప్పటి చెరో కొస పట్టుకుని లాగితేనే అది బిగుస్తుంది. మధ్యలో దుప్పటే లేకపోతే ఎవరు ఎటు పోతారో తెలియదు. జత క్రోమోజోములు రెండు దిక్కులకు సరిగ్గా విడిపోవాలంటే, అంతదాకా ఒకదానికొకటి ముడిపడి ఉండాల. ఆ ముడే వినిమయం, అంటే జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం. సోదరి క్రొమాటిడ్లను కలిపి పట్టుకునే కొహెసిన్ ఉంగరాల వల్లే అది జారకుండా నిలుస్తుంది. అన్ని కోతలూ ముడులు కావు. ఎలుకలో రెండు మూడు వందల కోతల్లో ఇరవై చిల్లరే వినిమయాలవుతాయి, మిగతావి గప్‌చుప్‌గా మానిపోతాయి. కానీ ప్రతి జతకూ ఒక్కటైనా ముడి పడేట్టు జరుగుతుంది. రెండు డీఎన్‌ఏలు ముడిపడిన చోట ఉంటుందని శాస్త్రవేత్త రాబిన్ హాలిడే 1964లో ఊహించిన నాలుగు చేతుల కూడలిని కోసి ఈ వినిమయాన్ని ముగించే పని ఎంఎల్‌హెచ్1, ఎంఎల్‌హెచ్3 అనే ప్రోటీన్ల జంటది. నాలుగు దారులే కాబట్టి మన ఏడు రోడ్ల కూడలి కంటే నయం.

ఒక తప్పు దిద్దినాను. కదిరి పరిశోధన కేంద్రంలో కొత్త వేరుశెనగ రకం కోసం పువ్వుకు పుప్పొడి పెట్టగానే ముక్కలు మారతాయని రాస్తివి. మారవు. ఆ సంకరం వల్ల మొలిచిన మొక్క, తన పువ్వుల్లో పుప్పొడీ అండాలూ తయారుచేసుకునేటప్పుడు మారతాయి. మీ నాయన కె6 వేరుశెనగ వేసే రైతే కదా, ఆయనకు చదివి వినిపించు. ఎక్కడ నిలిపి "అదెట్లా?" అంటాడో, అక్కడ గీత పెట్టుకో.

నువ్వు వదిలేసినది ఇంకొకటి. నువ్వు పుట్టిన అండంలో ఈ కోతలూ కుట్లూ జరిగినప్పుడు మీ అమ్మ ఇంకా మీ అవ్వ కడుపులోనే ఉంది. ముడులు పడిన తర్వాత ఆ కణం అట్లాగే ఆగిపోయి, ఏండ్ల తరబడి ఎదురుచూసింది. అన్నేండ్లు కొహెసిన్ పట్టు సడలకుండా ఉండాల. ఏండ్లు గడిచి ఆ పట్టు సడలి, 21వ జత సరిగ్గా విడిపోకపోతే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ రావచ్చు. ఇది రాసేటప్పుడు చెయ్యి జాగ్రత్త. తల్లి వయసు అనే మాట తల్లి తప్పు అని వినబడకూడదు. చదివే వాళ్ళలో ఆ తల్లులు ఉంటారు.

దిద్దిన కాగితాలు స్పీడ్ పోస్టులో పంపుతున్నా. ఐదు పేజీలకు కుదించి, నెలాఖరుకు తిరగరాసి పంపు. ఈసారి పేజీకి రెండువైపులా రాయొద్దు, నా పెన్ను అవతలికి దిగుతుంది.

మీ అమ్మానాయనలకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ సారు