ముద్ద చూస్తేనే ఓకరింపు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. పెరుగన్నం, ఒకే రకం బిస్కెట్లు తప్ప ఏదీ తినడు. పప్పన్నం పెడితే ఓకరిస్తాడు. మా అత్తగారు ముక్కు మూసి మింగిస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ మింగించడం ఈ రోజే ఆపించండమ్మా. మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పైగా కంచం చూస్తేనే భయం పట్టుకుంటుంది. బాబు తినకపోవడం మొండితనం కాదని అత్తగారికి డాక్టరు చేతే చెప్పించండి.

రెండున్నర, మూడు గంటల ఎడంతో రోజుకు ఐదుసార్లు కూర్చోబెట్టండి, అదీ 20–30 నిమిషాలే. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. పాలు రోజుకు అరలీటరు దాటితే ఆకలి చచ్చిపోతుంది, రక్తహీనతా రావచ్చు. కుర్చీలో కూర్చుంటే పాదాలు ఆనేలా కింద పీట వేయండి. పెరుగన్నం పక్కన శనగగింజంత పప్పన్నం విడిగా పెట్టండి. ముట్టుకున్నా, వాసన చూసినా చాలు. అదే పదార్థం పది, పదిహేనుసార్లు కనబడాలి, ఓపిక పట్టండి. పెరుగన్నంలో మాత్రం ఏదీ దాచి కలపొద్దు. కనిపెట్టాడంటే ఆ ఒక్కటీ మానేస్తాడు.

బరువు తగ్గినా, మింగేటప్పుడు దగ్గు వచ్చినా, తిన్నాక గొంతు గరగరలాడినా ఆలస్యం చేయొద్దు. పిల్లల డాక్టరుకు చూపించి ఐరన్ పరీక్ష అడగండి. తినడం అలవాటు చేసే థెరపీ కోసం జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం) గురించి విచారించండి. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద ఆ సేవలు ఉచితం.