పొదుపు వేరు, ఆదా వేరు

సందేహం: కారు రేసుల వార్తలు తెలుగులో రాస్తుంటాను. 'డ్రైవరు ఇంధనం ఆదా చేస్తున్నాడు' అని రాస్తే, 'పొదుపు చేస్తున్నాడు' అనాలని ఒక మిత్రుడు దిద్దాడు. ఈ రెండు మాటలకూ అర్థభేదం ఉందా? 'ఇంధనం ఆదా చేయడం వల్ల అతడు ల్యాపుకు అర సెకను కోల్పోయాడు' అన్న నా వాక్యం సరైనదేనా?

సమాధానం: మీ మిత్రుని సవరణ సబబైనదే. వాడుకలో ఒకదాని చోట మరొకటి వస్తున్నా, ఇవి పూర్తిగా పర్యాయపదాలు కావు. 'పొదుపుగా వాడాడు' అంటాం గాని 'ఆదాగా వాడాడు' అనం. 'డబ్బు ఆదా అయింది' అన్నంత సహజంగా 'పొదుపు అయింది' అనలేం. పొదుపు అనేది వాడే తీరు. ఆ తీరు వల్ల చివరికి ఏ ఖర్చు తప్పిందో అది ఆదా.

2016 ఇండియానాపొలిస్ 500 రేసులో అలెగ్జాండర్ రోసీ చివరి 36 ల్యాపులనూ (ట్రాక్ చుట్లనూ) ఇంధనం కోసం మళ్లీ ఆగకుండా నడిపి గెలిచాడు. గెలిచాక కారు ట్రాక్ మీదే ఆగిపోతే లాక్కుని రావలసి వచ్చింది. అతడు చేసింది నిఖార్సైన పొదుపు; అయితే ట్యాంకులో ఏమీ మిగలలేదు కనుక, అక్కడ ఆదా అయినది ఇంధనం కాదు, ఇంధనం నింపే చోటైన పిట్‌లో మరొకసారి ఆగితే పట్టే సమయం.

ఫార్ములా వన్‌లో 2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం నింపడం నిషిద్ధం. 10 కిలోల ఇంధనం అదనంగా మోస్తే ల్యాపుకు సుమారు 0.3 సెకను ఆలస్యమవుతుందని లెక్క; అందుకని జట్లు ఒక్కొక్కసారి కావలసినదానికన్నా కాస్త తక్కువే నింపి, ఆ లోటును డ్రైవరు పొదుపుతో పూడ్పిస్తాయి. ట్రాక్ తిన్నగా సాగే భాగం చివర, బ్రేకు వేయవలసిన చోటు ఇంకా రాకముందే, అతడు యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసి కారును దాని ఊపు మీదనే పోనిస్తాడు. ఆ వేగంలో ఇంజిను శక్తి చాలావరకు గాలిని చీల్చడానికే సరిపోతుంది గనుక, అక్కడ కాలు తీస్తే పోయే సమయం స్వల్పం, దక్కే ఇంధనం ఎక్కువ. అయితే టైర్లు చల్లబడి పట్టు తగ్గవచ్చు, వెనక వస్తున్నవాడికి దాటిపోయే సందు దొరకవచ్చు.

రేసు చివర ట్యాంకులో ఉన్నదానికి 'మిగులు' అనే మాట ఉండనే ఉంది. పరీక్షకు 1 లీటరు ఇంధనం ఇవ్వాలన్నది నియమం. 2021 హంగరీ గ్రాండ్ ప్రీలో రెండో స్థానంలో నిలిచిన సెబాస్టియన్ వెటెల్ కారు నుంచి 0.3 లీటరే తీయగలిగినందువల్ల అతడిని అనర్హుడిగా ప్రకటించారు. అక్కడ చాలకపోయినది మిగులే.

ఇక మీ వాక్యంలో నాకు 'ఆదా' కన్నా 'కోల్పోయాడు' ఎక్కువ పట్టింపుగా తోచింది. తనకు ఇష్టం లేకుండా పోయినదాన్ని కోల్పోతాం. ఒకటి దక్కడానికి మరొకదాన్ని తెలిసి వదులుకొంటాం. డ్రైవరు ఆ అర సెకనును లెక్క చూసుకొని ఇచ్చాడు గనుక 'వల్ల' బదులు 'కోసం' కూడా రావాలి: 'ఇంధన పొదుపు కోసం అతడు ల్యాపుకు అర సెకను వదులుకొన్నాడు.' అదే పొదుపులో టైర్లు చల్లబడి, ప్రత్యర్థి అతడిని దాటిపోతే, అప్పుడు నిస్సంకోచంగా 'స్థానం కోల్పోయాడు' అని రాయండి.