కన్నీటి రహదారి థ్రిల్లర్లలో బస్సు ఎందుకు కనిపించదు?

కెనడాలో, అమెరికాలో ఆదివాసీ మహిళల అదృశ్యాల చుట్టూ అల్లిన క్రైమ్ థ్రిల్లర్లు వాస్తవానికి ఎంత దగ్గరగా ఉంటాయి, మొదట ఏది చదవాలి అని అడిగారు. బ్రిటిష్ కొలంబియా ఉత్తర భాగంలోని ప్రిన్స్ జార్జ్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, అక్కడి నుంచి ప్రిన్స్ రూపర్ట్ వరకు సాగే 16వ నంబరు రహదారి మీద తరచూ ప్రయాణించినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. వాటిలో అత్యధికం ఆ రోడ్డును సెట్టింగుగా వాడుకుంటాయే తప్ప, ఆ రోడ్డు పక్క ఊళ్లలో మనుషులు ఎలా బతుకుతారో పట్టించుకోవు. ఈ విషయంలో నా కొలబద్ద ఒక్కటే: కథలో బస్సు ఊసు లేకపోతే ఆ రచయిత అక్కడికి ఎన్నడూ వెళ్లలేదని నిశ్చయించుకుంటాను.

సుమారు 720 కిలోమీటర్ల ఆ దారినే కన్నీటి రహదారి అంటారు. కెనడా జాతీయ పోలీసు దళం 2005లో మొదలుపెట్టిన ఈ-పానా దర్యాప్తు జాబితాలో, చుట్టుపక్కల రహదారులను కూడా కలిపి, హత్యకు గురైన లేదా అదృశ్యమైన 18 మంది అమ్మాయిలు, మహిళలు ఉన్నారు. ఆదివాసీ కుటుంబాలు చెప్పే లెక్క 40 దాటుతుంది.

2015లో చలి ముదురుతున్న రోజుల్లో నా భార్యతో కలిసి ప్రిన్స్ రూపర్ట్ వెళుతుండగా, స్మిథర్స్ పట్టణం దాటిన తరువాత, యాభై ఏళ్లు పైబడిన ఒక ఆదివాసీ మహిళ రెండు చేతుల్లోనూ సరుకుల సంచులతో నిలబడి లిఫ్ట్ అడిగింది. కారు ఆపాను. ఆమె వెంటనే ఎక్కలేదు. సంచులు కింద పెట్టి, కారు వెనక్కి వెళ్లి, నంబరు ప్లేటు ఫొటో తీసి కూతురికి పంపించి, అది చేరినట్టు ఫోనులో కనిపించేదాకా అక్కడే నిలబడింది. ముందున్న మలుపు దాటితే సిగ్నల్ ఉండదట. తరువాత కిటికీ దగ్గరకు వచ్చి, ముందు సీట్లో నా భార్య ఉన్నందువల్లనే ఎక్కుతున్నానని, నేనొక్కడినే అయితే వెళ్లిపొమ్మనేదాన్నని నా ముఖం మీదే చెప్పింది. నాకు మనసు కాస్త చివుక్కుమంది గాని, నా భార్యకు ఆమె పద్ధతి ఎంతో నచ్చింది.

ఆమె ఊరు అక్కడికి 30 కిలోమీటర్ల దూరంలోని విట్‌సెట్. అప్పట్లో దాన్ని మోరిస్‌టౌన్ అనేవారు. పళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి ఉదయం పొరుగువారి బండిలో వచ్చిందట, ఆలస్యం కావడంతో వాళ్లు వెళ్లిపోయారట. హంతకుడు తిరుగుతున్నాడు, అమ్మాయిలు లిఫ్ట్ అడగకూడదు అని హెచ్చరించే పెద్ద హోర్డింగ్ ఒకటి దారిలో కనిపించింది. మరి ఇంటికి ఎలా చేరాలో కూడా దాని కిందనే రాసి ఉంటే బాగుండేదని ఆమె నవ్వింది. ఇంత సూటి సంభాషణ నేను చదివిన ఏ థ్రిల్లర్‌లోనూ లేదు.

2006లో ప్రిన్స్ జార్జ్‌లో బాధిత కుటుంబాలు, ఆదివాసీ సంఘాలు సదస్సు జరిపి 33 సిఫార్సులు చేశాయి. లిఫ్ట్ అడిగే అవసరం లేకుండా ఊళ్లను కలుపుతూ బస్సు నడపాలన్నది వాటిలో ముఖ్యమైనది. ప్రభుత్వ బస్సు ఆ ఊళ్ల మధ్య తిరగడం మొదలైంది 2017లో. ఆ మరుసటి ఏడాదే ప్రైవేటు బస్సులు నడిపే గ్రేహౌండ్ సంస్థ ఆ దారి నుంచి తప్పుకుంది.

ఆ సదస్సుకూ ఆ బస్సుకూ మధ్యకాలంలో జరిగిన ఒక ఘటన నిజమైన థ్రిల్లర్‌కు సరిపోతుంది. ఈ రహదారిపై మహిళల భద్రత గురించి జరిపిన సమావేశాల వివరాలు ఇవ్వమని 2014లో రాష్ట్ర రవాణా శాఖకు సమాచార హక్కు కింద అభ్యర్థన వచ్చింది. సంబంధిత ఈమెయిళ్లను చెరిపేయడానికి తాను తటపటాయిస్తే, సహోద్యోగి కీబోర్డు లాక్కుని స్వయంగా చెరిపేశాడని ఆ శాఖలో పనిచేసిన ఒక సహాయకుడు తరువాత బయటపెట్టాడు. సమాచార కమిషనర్ 2015 అక్టోబరు నివేదికలో అతని మాటనే నమ్మారు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు ఆ సహోద్యోగికి పడిన జరిమానా 2,500 డాలర్లు. ఇంత సరుకు చేతికి అందుతుంటే, మన థ్రిల్లర్ రచయితలు మొదటి పేజీలోనే మంచులో శవాన్ని పడుకోబెట్టి, వెనుక డప్పులు మోగించి, ఆకాశంలో గద్దను ఎగరేసి, దూరపు నగరం నుంచి తాగుబోతు డిటెక్టివ్‌ను దింపుతారు. మన సమీక్షకులు కూడా లొకేషన్లు అద్భుతమని నాలుగు నక్షత్రాలు ఇచ్చి ఊరుకుంటారు.

ఆ డిటెక్టివ్ కంప్యూటర్‌లో పేరు కొట్టగానే పాత కేసులన్నీ వరుసగా తెర మీదకు రావడం మరో విడ్డూరం. అమెరికాలో 2016లో ఆదివాసీ మహిళలు, బాలికలు తప్పిపోయినట్టు 5,712 ఫిర్యాదులు నమోదైతే, న్యాయశాఖ డేటాబేసులోకి ఎక్కినవి 116 మాత్రమేనని సియాటెల్‌లోని అర్బన్ ఇండియన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ 2018లో బయటపెట్టింది. ఇక మేధావి హంతకుడి సంగతి. ప్రిన్స్ జార్జ్ ప్రాంతంలో నలుగురిని చంపిన యువకుడు 2010 నవంబరులో పట్టుబడింది, అడవిలోని కలప దారి నుంచి బండిని వేగంగా రోడ్డెక్కించడం ఒక పోలీసు కంటపడినందువల్ల. దొంగవేట అయి ఉంటుందని వన్యప్రాణి అధికారిని పిలిపించగా, ఆయన మంచులో జాడ పట్టుకుని వెళితే శవం దొరికింది.

మొదట చదవవలసింది లూయిస్ ఎర్డ్రిక్ 2012లో రాసిన ‘ది రౌండ్ హౌస్’ నవల. రచయిత్రి టర్టిల్ మౌంటెన్ చిప్పెవా తెగకు చెందినవారు. ఇందులో ప్రధాన నేరం తప్పిపోవడం కాదు, అత్యాచారం. తప్పిపోయిన ఆదివాసీ యువతి కథ దానితో ముడిపడి ఉంటుంది. నేరస్థుడెవరో తెలిశాక కూడా కేసు కదలదు, ఎందుకంటే నేరం జరిగింది తెగ భూమిలోనా, రాష్ట్రం పరిధిలోనా అన్నది బాధితురాలు చెప్పలేకపోతుంది. ఆదివాసీలు కానివారిని నేరాలకు విచారించే అధికారం తెగల కోర్టులకు లేదని అమెరికా సుప్రీంకోర్టు 1978లో ఒలిఫాంట్ కేసులో తీర్పు చెప్పింది. 2013లో, 2022లో చేసిన చట్టాలు అందులో కొంత అధికారాన్నే తిరిగి ఇచ్చాయి. నవలలో, తెగ జడ్జి అయిన తండ్రి తన పాత కేసుల కాగితాలు ముందు పరిచినప్పుడు, ఇవన్నీ ఇంత చిల్లర కేసులా అని పదమూడేళ్ల కొడుకు నిరాశపడతాడు. మంచు శవాల కథలు మరిగిన పాఠకుడికి కూడా అక్కడ విసుగు పుట్టవచ్చు; ఆ పేజీలు మాత్రం దాటవేయకండి.