నల్లగా ఉందని మురిసిపోకండి: మంచు వదిలిన మట్టి గురించి నా జవాబు

ప్రశ్న ఇది: "అమెరికాలో హిమానీనదాలు వదిలిపోయిన మట్టి మీద ఏర్పడిన పొలాలు చాలా సారవంతమైనవి అంటారు. ఆ నేల గుణాలు ఏమిటి? మన నల్లరేగడి కంటే మంచిదా?"

నేను జియాలజీ చదువుకోలేదు. మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊళ్లు మావి, అందుకే ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపుల్లో 27 ఏళ్లు హెల్పర్‌గా పనిచేశాను. ఇప్పుడు నాన్న వదిలిన ఐదెకరాలు చూసుకుంటున్నాను. కూతురూ అల్లుడూ అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉంటారు కాబట్టి ఆ మట్టిని కూడా రెండుసార్లు చేత్తో పిసికి చూశాను. ఈ మాత్రం అర్హతతో చెబుతున్నాను: మంచిదా కాదా అని అడగకండి. నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర ఆగిపోతున్నాయో అడగండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు అయోవా సంగతి. మొదటిసారి వెళ్లింది అక్టోబర్ చివర్లో. ఏమ్స్ అనే ఊరి బయట మొక్కజొన్న కోసేసిన చేలో ఒక రైతు నేల కింద పైపులు వేయిస్తున్నాడు. పెద్ద మిషను గుంత తీసి పెట్టింది. మా అల్లుడు కారులోంచే చూడమన్నాడు. ఇంత దూరం వచ్చి మట్టిని అద్దంలోంచి చూసేదేమిటి? మా అమ్మాయి చేత అడిగించి, ప్యాంటు మడిచి దిగాను. రైతు నవ్వి తన రబ్బరు బూట్లు ఇచ్చాడు. అల్లుడు మాత్రం అరగంట సేపు ఫోను చూసుకుంటూ నాకేం సంబంధం లేనట్టు నిలబడ్డాడు.

పైన రెండు జానలు నలుపు. పిడికిట్లో నొక్కితే ముద్దయింది, వేలితో తాకితే పొడిపొడిగా విడిపోయింది. మన రేగడి అలా విడిపోదు, వేళ్లకి అంటుకుని సబ్బు అడుగుతుంది. రేగడిలో బంకమన్ను సగం దాకా, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ ఉంటుంది. అక్కడ అది పావువంతు అటూ ఇటూ, మిగతాది ఇసుకా ఒండ్రూ. నలుపు కింద గోధుమ రంగు. ఇంకా కింద పసుపు మట్టి, అందులో బూడిదరంగు మచ్చలు. ఆ మచ్చలున్న చోట ఏడాదిలో కొన్ని నెలలు నీళ్లు నిలుస్తాయని అర్థం. ఆ పసుపు మట్టే మీరు అడిగిన సరుకు, ఇంగ్లిషులో టిల్ అంటారు. ఇంచుమించు 12 నుంచి 15 వేల ఏళ్ల కిందట అక్కడ కూర్చున్న మంచు కరిగిపోతూ వదిలేసింది.

దాన్ని గుర్తుపట్టడం చాలా సులువు. ఏరు తెచ్చిన మట్టి చేటలో చెరిగినట్టు ఉంటుంది. రాళ్లు ఒకచోట, ఇసుక ఒకచోట, మెత్తనిది ఇంకోచోట. మంచుకి చెరగడం తెలియదు. ఉత్తరాన దొరికిన కొండనల్లా గీకి, తొక్కి, పిండి చేసి, ఆ పిండినీ రాళ్లనీ కలిపి ఒకేచోట దింపేసి పోయింది. అదొక కలగూరగంప. గుంత గోడలో నా అరచేయి ఆనించిన మేరలోనే ఎర్ర రాయి, నల్ల రాయి, సున్నపురాయి, గులాబీ రంగు గ్రానైట్ ముక్క కనిపించాయి. ఆ గులాబీ రాయి దగ్గర నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

1994 ఎండాకాలం. అప్పుడు మా ఇంట్లో ఒకటే పాట, బావి. పక్క చేనువాళ్లకి ముప్పై అడుగుల్లో నీళ్లు పడ్డాయి. కొబ్బరికాయ పట్టుకుని తిరిగే ఆయన వచ్చి, చేను కింది మూలలో కాయ లేచి నిలబడిందన్నాడు. నాన్న అక్కడే సున్నంతో గుండ్రంగా గీత గీశాడు. ఆసిఫాబాద్ వైపు నుంచి ఆరుగురు వడ్డెరవాళ్లు వచ్చారు. నేను లీవు పెట్టి వచ్చాను.

నాలుగడుగుల దాకా రేగడి. పైన నెర్రెల్లో చెయ్యి మోచేతి దాకా దూరుతోంది, కింద మెత్తగా కోసుకుపోతోంది. ఆ తర్వాత ఒక అడుగు సున్నపు గులకలు. అది దాటగానే గడ్డపార కంగుమని ఎగిరింది. అడుగున ఆకుపచ్చ మన్ను. ఆకు రంగు కాదు, పాచి పట్టిన గోడ ఎండిపోతే వచ్చే రంగు. అందులో గుండ్లు దిగబడి ఉన్నాయి. కొన్ని కొబ్బరికాయంత, కొన్ని గాబంత. కొన్నిటికి ఒక పక్క కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. మేస్త్రీ ఒక గులాబీ రంగు గుండు దొర్లించి, "పటేలా, ఎవరో ఊరూరా రాళ్లు ఏరుకొచ్చి పిండిలో వేసి ముద్ద కట్టినట్టుంది. ఈ రాయి మన దిక్కున ఎక్కడుంది?" అన్నాడు.

ఆ ఆకుపచ్చని చూడగానే నా గుండె జారింది. క్యాంపులో మాకు అది బాగా తెలిసిన రంగు. బొగ్గు పొరల కిందుగా ఉండేది అదే. బోరులోంచి వచ్చిన కడ్డీలాంటి రాయి ఆ రంగుకి తిరిగిందంటే "తాల్చిర్ తగిలింది" అంటారు. ఇక కింద బొగ్గు ఉండదు. బోరు ఆపి, రాడ్లు పైకి తీసి, సాయంత్రం కోడి కోసుకోవడమే. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర మొదట చూశారు కాబట్టి ఆ పేరు. ఆ రాళ్లని మోసుకొచ్చింది ఐసే అయ్యుంటుందని బ్లాన్‌ఫర్డ్ అన్నదమ్ములు, ఆ రోజుల్లో ఇక్కడి రాళ్లు సర్వే చేసిన దొరలు, 1856లోనే అన్నారట. ఎండకి కోడిపెట్టలు కూడా సొమ్మసిల్లే దేశంలో ఐసేమిటని అప్పట్లో చాలామంది నమ్మి ఉండరు. మా చంద్రపూర్ దగ్గరే, వార్ధా, పెన్‌గంగా కలిసే చోటికి దగ్గర్లో, ఇరాయి అనే ఊరి పక్కన సున్నపురాతి బండ మీద గీతలు ఉన్నాయి. మంచు తన అడుగున ఇరుక్కున్న రాళ్లతో గీసుకుంటూ పోయిన గీతలు అవి. ఫెడెన్ అనే దొర 1875లో వాటి గురించి రాశాడు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి మాట, అప్పుడు మన నేల దక్షిణ ధ్రువం వైపు ఉండేది. ఇదంతా మా క్యాంపు జియాలజిస్టు సారు టీ తాగుతూ చెప్పినదే. మా ఊళ్లో చెబితే ఇప్పటికీ నవ్వుతారు.

"నాన్నా, ఇక ఆపేద్దాం. ఇది నీళ్లిచ్చే రాయి కాదు" అన్నాను. నాన్న నా వంక చూడలేదు. "మీ సారు బొగ్గు సంగతి చెబుతాడు, నీళ్ల సంగతి కాదు" అని మేస్త్రీకి సైగ చేశాడు. తూటాలు పెట్టి పేల్చారు. జత ఎద్దులు అమ్మేశాం. 42 అడుగుల దగ్గర డబ్బులు అయిపోయాయి. పొద్దున్నే తొంగి చూస్తే అడుగున రెండు బిందెల నీళ్లు. నిజానికి తాల్చిర్‌లో రంధ్రాలు తక్కువ, పిండిలాంటి మన్నులో ఊట ఎక్కణ్నుంచి వస్తుంది? వానాకాలం పైనుంచి కారిన నీళ్లతో నిండేది, సంక్రాంతికల్లా పావురాలకి ఇల్లయ్యేది. నాన్న పోయేదాకా ఆ బావిని "నీ తాల్చిర్" అనేవాడు, నేనే తెచ్చి అక్కడ పెట్టినట్టు.

అసలు విషయం ఆ తర్వాత పదేళ్లకి గాని నాకు తలకెక్కలేదు. ఆ కింది మూలలో పత్తి ఏటా శ్రావణంలో పసుపు తిరిగేది. యూరియా వేశాం, మందు కొట్టాం, విత్తనం కొట్టువాడితో పోట్లాడాం. తెగులు ఏమీ లేదు, జాలు పట్టింది. కింద నీళ్లివ్వని రాయి పైన నీళ్లని పోనివ్వదు కూడా. వేళ్లు నాలుగు అడుగుల మడుగులో ఊపిరాడక కుళ్లిపోతున్నాయి, మేము పైన నిలబడి ఆకుల రంగు చూస్తున్నాం.

అయోవా గుంతలో చూసింది కూడా అదే కథ, కాకపోతే అక్కడివాళ్లు వందేళ్ల పైనుంచీ దాన్ని అర్థం చేసుకున్నారు. మంచు వదిలిన నేల కొత్తది. వాగులు తమ దారి చేసుకునేంత వయసు దానికి లేదు. ఎక్కడికక్కడ గుంటలు, చిత్తడి. దిగువ మట్టి గట్టిగా ఉన్నచోట నీళ్లు ఇంకవు. మొదట్లో అడుగు పొడవు కాల్చిన మట్టి గొట్టాలు చేత్తో పేర్చారు, ఇప్పుడు చిల్లులున్న ప్లాస్టిక్ పైపులు మూడు నాలుగు అడుగుల లోతున వేస్తున్నారు. వసంతంలో మంచు కరిగిన నీళ్లు ఆ పైపుల్లోంచి కాలవలోకి పోతాయి, ట్రాక్టరు వేళకి దిగుతుంది. ఎకరాకు 200 బుషెల్స్ అటూ ఇటూ మొక్కజొన్న, అంటే మన లెక్కలో 50 క్వింటాళ్లు. ఆ పంట నేలదే అనుకుంటే పొరపాటు, సగం ఆ పైపులది. నష్టం కూడా ఉంది. ఎరువులోని నైట్రేట్ ఆ పైపుల వెంటే రక్కూన్ నదిలోకి పోతుంది, డెమోయిన్ నగరం తాగేనీళ్లలోంచి దాన్ని తీయడానికి ప్రత్యేకంగా ప్లాంటే పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంకో వింత, రాళ్లు. ఏరిన చేలో మళ్లీ ఏడాదికి రాళ్లు మొలుస్తాయి. చలికి రాయి మట్టికంటే ముందు చల్లబడుతుంది, దాని అడుగున తడి గడ్డకట్టి పైకి నెడుతుంది, కరిగేటప్పుడు ఖాళీలోకి మట్టి జారుతుంది. రాయి మళ్లీ కిందికి దిగదు. అలా ఏటా కొంచెం కొంచెం. ప్రతి చేను మూలలో రాళ్ల కుప్ప చూశాను. మనకి ఆ బాధ లేదు, మన నేల గడ్డకట్టదు. మన రాళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉండి గుంటక పళ్లు విరగ్గొడతాయి.

ఇప్పుడు రంగు. యూట్యూబ్‌లో ప్రతివాడూ "నల్లమట్టి, బంగారం" అంటాడు. అయోవా నలుపు వేల ఏళ్లు గడ్డి మొలిచి, చచ్చి, కుళ్లిన నలుపు, నిజంగా సేంద్రియం. మన రేగడి నలుపులో సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. ఆ రంగు చాలావరకు బంకమన్నుదీ, ఖనిజాలదీ. రెండూ నలుపే కదా అని పోల్చడం, కాఫీకీ కషాయానికీ పోలిక పెట్టినట్టు. ఇంకో తేడా మరిచిపోకండి. మాకు పైనున్న రేగడి ఆ తాల్చిర్‌లోంచి పుట్టింది కాదు, పైనుంచి వచ్చి దాని మీద కూర్చుంది. మాది రాయైపోయిన పాత మంచు మన్ను, వాళ్లది ఇంకా మెత్తగా ఉన్న కొత్తది.

టిల్ అయితే చాలు మంచి పొలం అనుకునేవాళ్లకి ఒక మాట. మంచు ఏ రాయిని నూరిందో అదే నీకు వడ్డిస్తుంది. అయోవా వైపు సున్నపురాయి, మెత్తటి షేలు నూరింది కాబట్టి మట్టిలో సున్నం ఉంది. గుంతలోంచి తెచ్చిన పసుపు మట్టి మీద మా అమ్మాయి వంటింట్లో వెనిగర్ పోస్తే చిన్న చిన్న బుడగలు వచ్చాయి (ఆ గిన్నె మళ్లీ వాడనివ్వలేదు). అదే అమెరికా తూర్పున న్యూ ఇంగ్లండ్ వైపు గ్రానైట్ నూరింది. అక్కడ నేల పులుపు, నిండా రాళ్లు. రైతులు ఆ రాళ్లతో గోడలు కట్టుకున్నారు, చాలామంది పొలాలు వదిలేసి పడమటికి పోయారు.

మన దగ్గర ఇవన్నీ ఎవరు చెబుతారు? భూసార పరీక్ష కార్డు ఇచ్చారు, 12 అంకెలు ఉన్నాయి. మట్టి తీసేది పైన ఒక జాన లోతు నుంచి. నా కింది మూలకీ మెరక చేనుకీ దాదాపు ఒకే అంకెలు వచ్చాయి, ఒకచోట పత్తి నిలబడుతుంది, ఇంకోచోట చస్తుంది. ఆఫీసులో అడిగితే "కార్డులో జింకు తక్కువుంది, అది వేయండి" అన్నారు. సాత్‌బారాలో, అంటే మహారాష్ట్రలో భూమి ఎవరిదో రాసే రికార్డులో, నా పేరు సరిచేయించడానికి నాలుగేళ్లు తిరిగినవాణ్ని, ఇంకేం వాదిస్తాను? మా పక్క జీవతి తాలూకాలో 14 ఊళ్లు మహారాష్ట్రవా తెలంగాణవా అన్నదే దశాబ్దాల పాటు నలిగింది, నాలుగు అడుగుల కింద ఏముందో ఎవరికి పట్టింది?

నేను చేసింది చెబుతాను. కింది మూలలో పత్తి మానేసి ఎకరం వరి వేస్తున్నాను. ఎలాగూ నీళ్లు పోవు, పోనివ్వని నేలకి వరే అల్లుడు. మిగతా చేలో వాలు వెంట రెండడుగుల కాలవలు తీసి, సోయా ఎత్తు మడుల మీద వేస్తున్నాను. పొలం కొనబోయేవాళ్లకి నేను చెప్పేది, మే నెలలో చూడకండి. మేలో ప్రతి రేగడీ బంగారంలాగే ఉంటుంది. శ్రావణంలో నాలుగు రోజులు వాన పడ్డాక గడ్డపారతో వెళ్లి మూడు చోట్ల గుంత తీయండి, రాత్రి వదిలేసి పొద్దున చూడండి. మా బామ్మర్దికి ఇదే చెప్పాను. వాడు మేలోనే రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. ఇప్పుడు వాన పడ్డప్పుడల్లా ఫోను చేసి, "బావా, ఆ అమెరికా పైపులు ఇక్కడ దొరుకుతాయా?" అంటాడు.

సాంగ్లీ వైపు చెరకు పొలాల్లో చౌడు పోగొట్టడానికి అలాంటివి వేస్తున్నారు. చంద్రపూర్‌లో మూడు షాపులు తిరిగాను. మూడు చోట్లా డ్రిప్ పైపులు చూపించారు. ఒకాయనైతే, "పొలానికి నీళ్లు పెట్టడానికి పైపులు అడుగుతారు గానీ, తీసేయడానికి అడిగినవాణ్ని నిన్నే చూస్తున్నా కాకా" అన్నాడు. చిల్లుల పైపు ఎకరాకి ఎంత పడుతుందో, వేసేవాళ్లు మా దరిదాపుల్లో ఎక్కడున్నారో తెలిసినవాళ్లుంటే కింద రాయండి.