హెంప్ గమ్మీలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

సందేహం: నేను అమెరికాలో ఎంఎస్ చదువుతున్నాను. నిద్ర పట్టడం లేదంటే స్నేహితుడు డెల్టా-8 గమ్మీల (నమిలే జెల్లీ బిళ్ళల) డబ్బా కొనిచ్చాడు. హెంప్ (మత్తు బాగా తక్కువగా ఉండే గంజాయి మొక్క) నుంచి తీసినవనీ, ఫెడరల్ చట్టానికి లోబడినవనీ దానిపై రాసి ఉంది. వేసుకుంటే మత్తుగానే ఉంటోంది. సెలవులకు ఇండియా వస్తూ మిగిలినవి వెంట తెచ్చుకోవచ్చా?

జవాబు: తేకండి. ఒక్క బిళ్ళ కూడా వద్దు.

డబ్బాపై రాసింది అబద్ధమని కాదు, అది అమెరికా చట్టం గురించిన మాట. అక్కడి 2018 వ్యవసాయ చట్టం ప్రకారం ఎండు బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే ముఖ్య పదార్థం) 0.3 శాతం దాటకపోతే హెంప్, దాటితే గంజాయి. పంట కోసం పెట్టిన ఆ కొలతను వ్యాపారులు మిఠాయికి వాడుకున్నారు. నాలుగు గ్రాముల గమ్మీలో 0.3 శాతమంటే 12 మిల్లీగ్రాములు. మత్తెక్కడానికి అది చాలు. మీ దగ్గరున్న డెల్టా-8 (టీహెచ్‌సీకే మరో రూపం) సంగతి వేరు. మొక్కలో అది అతి స్వల్పంగా ఉంటుంది కాబట్టి, సాధారణంగా హెంప్‌లో ఉండే సీబీడీ అనే మత్తెక్కించని పదార్థాన్ని ఆమ్లాలతో మార్చి తయారుచేస్తారు. చట్టం పరిమితి పెట్టింది డెల్టా-9కే కనుక హెంప్ నుంచి వచ్చిన డెల్టా-8 చట్టబద్ధమేనని 2022లో అక్కడి ఫెడరల్ తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక కేసులో చెప్పింది. అయినా కొన్ని రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి.

ఆ వెసులుబాటుకు కూడా గడువు పడింది. 2025 నవంబరు 12న సంతకమైన చట్టం ఇలా తయారుచేసిన పదార్థాలను హెంప్ నిర్వచనం నుంచి తీసేసింది. అమ్మే సరుకులో మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు మించకూడదంది. బిళ్ళకు కాదు, డబ్బా మొత్తానికి! అమలుకు ఏడాది గడువిచ్చింది.

ఇక మన దగ్గర. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం షెడ్యూలులో టీహెచ్‌సీ డెల్టా-8, డెల్టా-9, డెల్టా-10 రూపాలు విడివిడిగా రాసి ఉన్నాయి. దేని నుంచి తీశారన్న ప్రశ్నే అక్కడ రాదు. వెంట తెస్తే 23వ సెక్షన్ కింద దిగుమతి నేరం. కొద్ది పరిమాణమైతే ఏడాది వరకు జైలు, వాణిజ్య పరిమాణమైతే కనీసం పదేళ్లు. చాలామందికి తెలియని ప్రమాదం తూకంలో ఉంది. మాదకద్రవ్యంలో కలిపిన తటస్థ పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే గమ్మీలోని చక్కెర, జెలటిన్ కూడా త్రాసు ఎక్కుతాయి. ‘అక్కడ దుకాణంలోనే కొన్నాను, నేరమని తెలియదు’ అన్నంత మాత్రాన బయటపడలేరు. నేరపూరిత ఉద్దేశం ఉందనే కోర్టు ముందుగా భావిస్తుంది. లేదని అనుమానానికి తావులేకుండా నిరూపించుకోవాల్సింది మీరే (35వ సెక్షన్).

మరొకరికిచ్చి పంపడం, కొరియర్ చేయడం కూడా అంతే ప్రమాదం. అమెరికాలో ఉండగా ఈ విషయంలో పోలీసు కేసు పడితే, జరిమానాతో పోతుంది కదా అని నేరం ఒప్పుకోకండి. మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడితే వీసాకే ముప్పు రావచ్చు. ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడండి.

ప్రయాణానికి ముందు మందుల సంచీ, కోటు జేబులు, బ్యాగు పక్క అరలు ఖాళీ చేసి చూసుకోండి. అడుగున అతుక్కుపోయిన ఒక్క బిళ్ళ చాలు, కేసు కావడానికి.